ఎస్తేరు గిన్నెలు

గాజువాక రైతుబజారులో బెండకాయల కొసలు విరిచి చూసుకుంటూ ఉండగా ఫోను మోగింది. "డాక్టరమ్మా, మా పాప ఎలిపోనాదమ్మా" అన్నాడు అవతలి నుంచి ఎస్తేరు తండ్రి ప్రకాశం. ఆసుపత్రిలో ఉండాల్సిన పిల్లను ఎక్కడికి పోనిచ్చావయ్యా అని కసిరాను. అతను ఏడ్చాడు. అప్పుడు గాని అతనేమంటున్నాడో నా బుర్రకెక్కలేదు. చేతిలో సంచీ అక్కడే వదిలేసి ఎలా ఇంటికి వచ్చానో నాకు జ్ఞాపకం లేదు.

పర్యావరణ ఆరోగ్య పరిశోధకురాలు, గణాంక విశ్లేషణలో అసమాన ప్రజ్ఞ గల నా శిష్యురాలు ఎస్తేరు రాణి ముప్పయ్యో ఏడు రాకుండానే డెంగీ జ్వరంతో అకాలమరణం పొందింది. విశాఖపట్నం పిల్లల ఊపిరిలోకి ఏమేమి పోతోందో లెక్కకట్టిన మనిషిని ఒక దోమ తీసుకుపోయింది. చూడవచ్చినవాళ్లు దీన్ని విధి అన్నారు. జీవితమంతా ప్రజారోగ్యం పాఠాలు చెప్పినదాన్ని, నేను దీన్ని విధి అనను. మూత పెట్టని నీళ్ల డ్రమ్ము అంటాను.

గురువు పోతే శిష్యులు నాలుగు మంచి ముక్కలు రాయడం లోకరీతి. నేను పోయాక ఆ పని ఎస్తేరు చేస్తుందని, అందులో నా కోపం గురించి ఒక పేరా తప్పకుండా ఉంటుందని అనుకునేదాన్ని. ఆ వరుస తారుమారైంది. కాబట్టి ఈ వ్యాసంలో శోకం కన్నా కోపం ఎక్కువగా కనిపిస్తే పాఠకులు మన్నించాలి. మన్నించకపోయినా నేను చేయగలిగింది లేదు.

వైద్య కళాశాలలో ఉద్యోగ విరమణ చేశాక, ఓడరేవు చుట్టుపక్కల పిల్లల ఆయాసం మీద ఒక చిన్న పరిశోధన నా చేతికి వచ్చింది. అంకెలు చూసుకునే మనిషి కావాలని ప్రకటన ఇచ్చాం. ఎస్తేరు గణాంకశాస్త్రంలో పట్టా పుచ్చుకొని, తల్లి శాంతమ్మ కుట్టిన గుడ్డసంచీ భుజాన వేసుకొని వచ్చింది. శాంతమ్మ గాజువాకలో జాకెట్లు కుడుతుంది. ప్రకాశానిది వెల్డింగు పని. వచ్చినవాళ్లందరినీ అడిగినట్టే ఈ పిల్లనీ అడిగాను, సగటు అంటే ఏమిటని. మిగతావాళ్లు సూత్రం అప్పజెప్పి వెళ్లారు. ఎస్తేరు కాసేపు ఆలోచించి, "మా అమ్మ మా ఈదిలో ఆడోళ్లందరి కొలతలూ తీసి, కలిపి, ఆ లెక్కన ఒక్క జాకెట్టు కుట్టిందనుకోండి మేడమ్. అదీ సగటు. ఒక్కరికీ పట్టదు" అంది. మరి ఎందుకు పనికొస్తుందే అన్నాను. "గుడ్డ ఎంత కొనాలో తెలుస్తాది కదండీ" అంది. ఆ రోజే పనిలో చేర్చుకున్నాను.

మొదట అప్పగించిన పని పరమ నీరసమైనది. ఆయాసంతో ఆసుపత్రికి వచ్చిన పిల్లల చీటీలు చూసి, ఊరూ పేరూ కంప్యూటర్లో ఎక్కించాలి. అలా ఎక్కించిన ఊళ్లను మ్యాపు మీద పెడితే చుక్కలన్నీ పోయి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో పడ్డాయి. ఓడరేవు పక్క పేటలన్నీ నిర్మలంగా ఉన్నాయి. మా విభాగంలో ఒక మహానుభావుడు పురుగుమందుల ప్రభావమని వ్యాసం కూడా మొదలుపెట్టేశాడు. ఎస్తేరు మాత్రం ఆ మ్యాపు ముందు నుంచి కదల్లేదు. "ఇదేటి మేడమ్, కొబ్బరితోటల్లో పెరిగే పిల్లలకి ఇంత ఆయాసమేటి? ఆయాసపడతా రోజూ అక్కణ్ణించి బస్సెక్కి వొత్తన్నారా?" అని అడిగింది.

అడిగి ఊరుకోలేదు. ఆ పిల్ల వెళ్లి చీటీలు రాసే కిటికీ పక్కన నిలబడింది. గుమస్తా "ఏ ఊరు?" అంటాడు. ఆ ప్రశ్నకు మనవాళ్లలో ఎవరైనా పుట్టిన ఊరే చెబుతారు. పెళ్లయి వచ్చి, పిల్లల్ని కని, ఓడరేవు పక్క పేటలోనే ముసలైపోయిన మనిషి కూడా తాతల నాటి పల్లె పేరే చెబుతుంది. అందులో ఒక మర్యాద ఉంది. ఎస్తేరు గుమస్తాను బతిమాలి ఇంకొక ప్రశ్న కలిపించింది: రాత్రి పిల్ల ఎక్కడ పడుకుందమ్మా? నెల తిరిగేసరికి పల్లెల్లో చుక్కలు చాలావరకు ఎగిరిపోయి ఒకే ఒక్క పేట మీద వచ్చి పడ్డాయి. పురుగుమందుల మహానుభావుడు ఆమెతో మాట్లాడడం మానేశాడు. "అడిగింది తప్పయితే సెప్పినోళ్లని తిట్టకూడదు మేడమ్" అనేది ఎస్తేరు. ఆ తరవాత నేను ఎన్ని ఉపన్యాసాల్లో ఆ మాట వాడుకున్నానో.

ఆ పేట పేరు రాయను. రాస్తే ఈ పత్రికకు నోటీసు వస్తుంది, సంపాదకుడు నాకు ఫోను చేస్తాడు, నేను అతని మీద అరుస్తాను. ఒక పక్క కొండ, ఒక పక్క ఓడల్లోంచి దిగిన బొగ్గూ ఖనిజమూ గుట్టలు పోసుకునే ఒక ప్రైవేటు యార్డు. ఆ యార్డు గోడను ఆనుకొని ప్రాథమిక పాఠశాల. గాలి తిరిగితే పిల్లలు పలకలు తుడుచుకున్నట్టు మధ్యాహ్నం కంచాలు తుడుచుకొని అన్నం పెట్టించుకుంటారు. ఎస్తేరు తలపెట్టిన మహత్కార్యం చాలా చిన్నది. యార్డు మూయించాలని ఆమె అనలేదు. నగరాన్ని ఉద్ధరిస్తాననలేదు. ఆ బడి ఒక్కటీ అక్కణ్ణించి కొండకు అవతలి వైపుకు మార్చాలి. అవతల స్థలం ఉంది, పాత భవనం కూడా ఉంది. నివేదిక ఒప్పించేలా ఉంటే మారుస్తామని ఆ విషయం చూసే కమిటీ నోటితో చెప్పింది.

ఆ కమిటీ దగ్గరికి మొదటిసారి వెళ్లినప్పుడు అధ్యక్షుడు మాకు కాఫీ ఇప్పించి, ఆ ప్రాంతంలో ధూళి కాలుష్యం నమోదు కాలేదని సెలవిచ్చాడు. అక్కడ కొలిచే యంత్రమే లేదు కదండీ అంది ఎస్తేరు. అదే చెబుతున్నానమ్మా, నమోదు కాలేదు అన్నాడాయన. బయటికొచ్చి నేను మెట్ల మీదే తిట్టడం మొదలుపెట్టాను. ఎస్తేరు మాత్రం మా విభాగంలో కొత్తగా చేరిన పిల్లలకు చెప్పే పాఠం నాకూ చెప్పింది. "ఖాళీగడి వేరు, సున్నా వేరు మేడమ్. సున్నా అంటే కొలిచాం, లేదు అని. ఖాళీ అంటే మనకి తెలీదు అని. ఆయన ఖాళీని సున్నా కింద రాసుకున్నాడు. మనం నింపి ఇద్దాం." కోపం రాని మనుషులంటే నాకు కోపం. ఆ పిల్లకు కోపం రాదు.

నింపడానికి యంత్రాలు కొనే స్తోమత మాకు లేదు. పాత పద్ధతి ఒకటుంది. వెడల్పు మూతి గిన్నెలు డాబాల మీద పెట్టి, నెల రోజులు పడిన ధూళిని తీసి తూచడం. ప్లాస్టిక్ డబ్బాలు గాలికి ఎగిరిపోతాయని ఎస్తేరు మార్కెట్టుకు వెళ్లి బరువైన స్టీలు గిన్నెలు తెచ్చింది. పాత్రల కొట్లో ఏ స్టీలు సామాను కొన్నా పేరు చెక్కి ఇవ్వడం మనకు ఆనవాయితీ. పేరేటి వేయమంటారని కొట్టువాడు అడిగాడు. గణాంకశాస్త్రంలో పట్టభద్రురాలు, నా ప్రియ శిష్యురాలు, తల్లికి గిన్నెలు కొన్నంత సహజంగా "ఎస్తేరు" అంది. అన్ని గిన్నెల మీదా ఎస్తేరు అని చెక్కించుకొని తెచ్చి, పేటలో బడికొకటి, ఇంటింటికీ ఒకటి చొప్పున ఇచ్చి, ఇది డాబా మీద పెట్టండి, నెల తరవాత వచ్చి పట్టుకెళ్తాను అని చెప్పి వచ్చింది.

నెల తిరిగాక ఇద్దరం కలిసి వెళ్లాం. మొదటి ఇల్లు అప్పలనరసమ్మది. మనవణ్ణి అదే బడికి పంపే ముసలావిడ. లోపలికెళ్లి గిన్నె తెచ్చింది. తళతళలాడుతోంది. అందులో ఇంత బెల్లం ముక్క.

"ఇదేటి పిన్నీ?" అంది ఎస్తేరు.

"నీ గిన్ని మసి పట్టిపోనాది తల్లీ. నల్లగా, బొగ్గులాగ. ఆడపిల్ల సామాను అలాగే ఇచ్చేత్తే ఏటి బాగుంటాది? సింతపండెట్టి తోమినాను."

"మరి బెల్లమెందుకు?"

"ఒట్టి గిన్ని ఎవులైనా తిరిగిత్తారేటి?"

పేట పేటంతా అంతే. ఒకరు పంచదార, ఒకరు చింతపండు, ఒకావిడ ఎండు నెత్తళ్ల చేపలు. ఆఫీసు పేరున్న గిన్నె అయితే ఎవరూ ముట్టుకునేవారు కారు. పేరు చూసి అది ఎస్తేరు ఇంటి సామాననుకున్నారు. పరాయివాళ్ల గిన్నె పుచ్చుకున్నాక దాన్ని శుభ్రంగా, నిండుగా తిరిగివ్వడం ఆ పేట ఆడవాళ్ల పరువు. చలికాలపు మసి, ఏడాదిలో అన్నిటికన్నా దట్టంగా కిందికి దిగే మసి, తూముల్లోకి కొట్టుకుపోయింది. బడి డాబా మీది గిన్నె, తాళం వేసి ఊరెళ్లిన రెండు మూడిళ్లవి మాత్రం మిగిలాయి. నాకు రక్తం మరిగిపోయింది. ఎస్తేరు అప్పలనరసమ్మ గుమ్మం మీద కూలబడి, నవ్వీ నవ్వీ, కళ్లు తుడుచుకొని ఆ బెల్లం కొరికింది. "తప్పు నాది పిన్నీ. గిన్నె ఎందుకిచ్చానో సెప్పలేదు కదా" అని, ఆ పూటంతా ఇల్లిల్లూ తిరిగి మసి మీ తప్పు కాదు, అదే నాకు కావాలి అని బోధపరిచింది. ఆ తరవాత ఆ పేటలో ఎవరూ గిన్నె కడగలేదు.

మిగిలినవాటితో నివేదిక తయారైంది. చదివితే నాకు మతిపోయింది. గిన్నెలు తోమిన వృత్తాంతమంతా బెల్లంతో సహా పూసగుచ్చినట్టు రాసి పెట్టింది. "ఇదంతా ఎందుకే? కొన్ని నమూనాలు చెడిపోయాయని ఒక్క వాక్యం రాసి ఊరుకో" అన్నాను. ఎలా చెడిపోయాయో చెప్పకపోతే ఇంకో ఊళ్లో ఇంకొకరు ఇదే తప్పు చేస్తారు మేడమ్ అంది. చేస్తే చేశారు, వాళ్ల ఖర్మ, నీ బడి సంగతి చూసుకో అన్నాను. "నాను దాచేత్తే ఆ మిగిలిన అంకెల్ని మాత్రం ఎవులు నమ్ముతారండీ?" అంది. గంటసేపు దెబ్బలాడాను. ఒక్క అక్షరం తీయలేదు. సత్యవాక్పరిపాలన అని పురాణాల్లో చదివి ఆనందించడం వేరు, అది మన నివేదికలోకి వచ్చి కూర్చోవడం వేరు.

నేను భయపడ్డట్టే అయింది. కమిటీ సమావేశంలో అధ్యక్షుడు అంకెల పేజీలు తిప్పేసి, ఆ బెల్లం పేజీ ఒక్కటీ పైకి చదివాడు. అందరూ నవ్వారు. అప్పటి నుంచి ఆ కార్యాలయంలో మా పనికి బెల్లం సర్వే అని పేరు. దత్తాంశం విశ్వసనీయం కాదు, అన్ని రుతువులూ కలిసేలా ఏడాది పాటు మళ్లీ చేసి తీసుకురండి అని రాసిచ్చారు. షేర్ ఆటోలో తిరిగి వస్తుంటే నేను ఆయన వంశాన్ని తలుచుకుంటున్నాను. పక్కన ఎస్తేరు, "ఆయన నవ్వినాడు గాని మేడమ్, గిన్నెలో మసి లేదని అనలేదు కదా. మళ్లీ చేద్దాం" అంది. ఆటోవాడు వెనక్కి తిరిగి చూశాడు, నా గొంతు అంత పైకి లేచింది.

మళ్లీ చేసింది. ఆ మధ్యలోనే హైదరాబాదు నుంచి ఒక కంపెనీ ఉద్యోగమిస్తామంది. ఏసీ గదిలో కూర్చొని, ఎవరు ఏ సబ్బు ఎప్పుడు కొంటారో అంకెల్లో చెప్పాలి. శాంతమ్మ నా ఇంటికి వచ్చి మొత్తుకుంది. "కంప్యూటరొచ్చిన పిల్ల డాబాలెక్కి మసి ఎత్తుకుంతందమ్మా. మీరు సెప్పండి, మీ మాట ఇంటాది." నేను చెప్పాను. మనస్ఫూర్తిగానే చెప్పాను. ఈ ఏడాది అయ్యాక వెళ్తాను మేడమ్, సబ్బులెక్కడికీ పోవు అంది. ఎండాకాలం అయింది. వానాకాలం అయింది. ఆడవాళ్లు గిన్నెల మీదికి కాకులు రాకుండా కాపలా కాశారు. తనకు ఇంకా మిగిలింది చలికాలం ఒక్కటే. అది రాకముందే జ్వరం వచ్చింది.

జ్వరమొచ్చినా తగ్గుతుందిలే అని మాత్ర వేసుకొని తిరిగింది. ఊరందరి ఆరోగ్యం లెక్కలు కట్టే మనిషి తన రక్తపరీక్ష వాయిదా వేసుకుంది. ఆసుపత్రిలో చేర్చాక చూడ్డానికెళ్తే నా మొహం చూసి, "నన్ను తిట్టకండి మేడమ్, నాను ఇప్పుడు పేషెంటుని" అంది నీరసంగా. తిట్టలేదు. నుదుటి మీద చెయ్యి వేసి, తగ్గాక తిడతానన్నాను. ఆ తిట్లు నా దగ్గరే ఉండిపోయాయి. ఎవరికివ్వను?

ఆమెను సమాధి చేసిన వారానికి కమిటీ నుంచి కాగితం వచ్చింది. మొదటి పేరాలో తీవ్ర సంతాపం. రెండో పేరాలో, పరిశోధకురాలు మరణించినందున అధ్యయనం ముగిసినట్టు భావించి ఫైలు మూసివేయడమైనదని. ఒకే సంతకం కింద రెండూ. బతికుండగా ఆమె నిజాయితీని అడ్డం పెట్టుకొని పనిని ఆపారు, పోయాక ఆమె చావును అడ్డం పెట్టుకొని ఆపుతున్నారు. ఇంతకన్నా మర్యాదగా రాయడం నాకు చేతకాదు.

గాజువాకలో వాళ్ల చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. పాస్టరు గారు వాక్యం చెప్పాక పెద్దల్ని మాట్లాడమన్నారు. కమిటీ అధ్యక్షుడు పూలదండతో వచ్చాడు. రాకపోతే బాగుండేది. చక్కగా మాట్లాడాడు కూడా. ఎస్తేరు రాణి సత్యసంధురాలన్నాడు. ఆమె నోట అసత్యం వెలువడగా తానెన్నడూ వినలేదన్నాడు. అటువంటి నిష్కళంక వ్యక్తిత్వం యువతరానికి ఆదర్శమన్నాడు. శాంతమ్మ కొంగు నోట్లో కుక్కుకొని ఏడుస్తోంది. వెనక వరసలో పేట ఆడవాళ్లు కూర్చున్నారు. వాళ్లలోంచి అప్పలనరసమ్మ లేచి నిలబడింది. ఎవరూ ఆమెను మాట్లాడమనలేదు.

"బాబూ, ఒక్క మాట. ఆ పాప అంత నిజమైన మనిషని తమరే సెప్పినారు. మరి ఆ పాప మా బడి గురించి సెప్పింది నమ్మలేమని ఎందుకు రాసినారు?"

 అధ్యక్షుడు గొంతు సవరించుకొని, "అది వేరే విషయమమ్మా. టెక్నికల్" అన్నాడు.

"ఏటో బాబూ. రేపు పొద్దున్న నా మనవడు ఆ బడికే ఎల్తాడు. మాకు రెండిషయాలు లేవు" అని అప్పలనరసమ్మ కూర్చుంది. పాస్టరు గారు తొందరగా పాట ఎత్తుకున్నారు. అధ్యక్షుడు పాట సగంలో, కారు దూరంగా పెట్టానంటూ వెళ్లిపోయాడు.

ఎస్తేరు ఆత్మకు శాంతి కలగాలని అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. ఆ బడి కదిలే దాకా ఆ పిల్లకు శాంతి అక్కర్లేదని నా నమ్మకం, నాకు ఎలాగూ లేదు. మూసిన ఫైలు తెరవమని రాశాను. పరిశోధకురాలి స్థానంలో నా పేరు పెట్టమంటే వయోపరిమితి దాటిందని జవాబిచ్చారు. అయినా చలికాలం వస్తోంది. మోకాళ్లు సహకరించినంత వరకు ఆ డాబాలెక్కుతాను, ధూళి తీయించి తూయిస్తాను, అంకెలు వేయిస్తాను. అదంతా నేర్పితే ఎవరికైనా వచ్చే విద్య, నేనే నేర్పాను. కాని వేసిన అంకెల ముందు నిలబడి, అందరికీ సబబుగానే కనిపిస్తున్నదాన్ని పట్టుకొని ఇదేటి మేడమ్ అని అడగడం నేను నేర్పింది కాదు. అది నాకు ఎప్పుడూ రాలేదు, ఇక రాదు. వచ్చిన మనిషి నా జీవితంలో ఒక్కతే తటస్థపడింది. ఆమెకు తల వంచి నమస్కరిస్తున్నాను.